లినక్సు కంప్యూటరునకు గొంతు వచ్చిన విధము



నేను ముప్పది రెండు సంవత్సరములు బడిలో తెలుగు చెప్పి విరామము పొందినవాడను. శబ్దమనగా నాకు వ్యాకరణములోని శబ్దమే గాని యంత్రములోని శబ్దము గాదు. అట్టివానికి కంప్యూటరు ధ్వనుల ప్రసంగమేల యని మీలో కొందఱైన అనుకొనకపోరు. కారణము మొదటనే మనవి చేసెదను.

నాకు వ్యాకరణము చెప్పిన గురువుగారు పద్యము చదువుటలో మా ప్రాంతమున సాటిలేనివారు. 1985 ప్రాంతమున శిష్యులము నలుగురము చేరి, వారు చదువుచుండగా పందొమ్మిది క్యాసెట్లు నింపితిమి. వారు గతించిరి, క్యాసెట్లు మా యింట పెట్టెలో మిగిలినవి. కొన్నిటికి బూజు పట్టెను. 2016లో ఒక దుకాణమున కొన్న సాఫ్ట్‌వేరుతో నాలుగింటిని కంప్యూటరులోనికి ఎక్కించితిని. ఆ నాల్గవ క్యాసెట్టు ఎక్కిన వెంటనే టేపు యంత్రములో చిక్కుకొని నుగ్గయ్యెను. పోనిమ్ము, కంప్యూటరులో భద్రముగా నున్నది గదా యని ఊరడిల్లితిని. ఆ సాఫ్ట్‌వేరు ధ్వనిని తనకు మాత్రమే తెలిసిన సంకేతములో దాచెనని నాకప్పుడు తెలియదు. రెండేండ్లకు దాని అనుమతి గడువు ముగిసెను. మరల డబ్బు కట్టబోగా, ఆ సరకును అమ్ముట మానినారని చెప్పిరి. గురువుగారి గొంతు నా యింటనే, నా యంత్రములోనే యుండియు నాకు వినబడకుండ పోయెను.

అప్పుడు మా మేనల్లుడు వచ్చి, “మామయ్యా, ఇకమీదట ఎవరి తాళమూ లేని దానిలో పెట్టుకుందాం” అని చెప్పి, ఆ పాత కంప్యూటరులోనే లినక్సును నెలకొల్పి యిచ్చెను. ఒక్క పైస పుచ్చుకొనలేదు, ఎవరికిని ఇయ్యలేదు. ఉచితముగా వచ్చిన వస్తువు ఇంత చక్కగా పాడునా యని నాకు వింత తోచెను. ఆ వింత తీరుటకై అడిగియు చదివియు తెలిసికొన్న చరిత్ర యిది.

ముందుగా కంప్యూటరునకు ధ్వని యన నేమో చూతము. మనము పలికినప్పుడు గాలి కదలును. మైకు ఆ కదలికను విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తు హెచ్చుతగ్గులను సెకనునకు అనేక వేల మాఱులు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాసికొనుటయే కంప్యూటరు చేయు పని. పాటల సీడీలలో ఈ కొలత సెకనునకు 44,100 మాఱులు; ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లు; కుడిచెవికి, ఎడమచెవికి వేఱువేఱుగా. లెక్క కట్టినచో నిమిషమునకు 1,05,84,000 బైట్లు. మరల వినిపించునప్పుడు ఇదంతయు తలక్రిందులుగా జరుగును. అంకెలను విద్యుత్తుగా మార్చు ఫలకమునకు సౌండు కార్డని పేరు. ఆ కార్డుతో మాటలాడ నేర్చిన చిన్న ప్రోగ్రామునకు డ్రైవరని పేరు.

ఇందొక చిక్కు గలదు. తెఱమీద అక్షరము సెకనులో పదియవ వంతు ఆలస్యముగా వచ్చినను కన్ను క్షమించును. చెవి క్షమింపదు. అంకెల ప్రవాహము సెకనులో నూఱవ వంతు ఆగినను టప్పుమని చప్పుడై స్వరము తెగును. ఈ చరిత్రలోని తగవులలో సగమునకు మూలమిదియే. తక్కిన సగమునకు మూలము, కార్డు ఒక్కటియై దాని కొఱకు కాచుకొన్న ప్రోగ్రాములు అనేకములగుట.

ఇక లినక్సు సంగతి. ప్రోగ్రామును మనుష్యుడు మొదట తనకు తెలియు భాషలో వ్రాయును. అది మూలపాఠము. యంత్రమునకు తెలియు అంకెలుగా మార్చిన పిదప దానిని మనుష్యుడు చదివి తెలిసికొనుట మిక్కిలి కష్టము. వ్యాపారులు రెండవదానిని అమ్మి మొదటిదానిని దాచుకొందురు. తాళపత్ర గ్రంథమును పెట్టెలో నుంచి, పురాణము మాత్రము వినిపించి దక్షిణ పుచ్చుకొనువానివంటి వారు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రాము రచయిత దీనికి ఒడంబడక, మూలపాఠము అందఱకు అందవలెనని 1983లో గ్నూ అను ఉద్యమమును ప్రకటించెను. 1989లో జీపీఎల్ అను అనుమతిపత్రమును వ్రాసెను. దాని సారమిది: మూలపాఠమును ఎవరైన చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును, ఐతే దిద్ది పంచువాడు తాను పొందిన స్వేచ్ఛనే పుచ్చుకొనువారికిని ఇయ్యవలెను. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ ఒక కెర్నెలును, అనగా యంత్రమునంతటిని నడుపు మూలపు ప్రోగ్రామును వ్రాసి లోకమునకు వెల్లడించెను. మఱుసటి యేట దానిని జీపీఎల్ క్రిందికి తెచ్చెను. అదియే లినక్సు.

లినక్సు పుట్టినప్పుడు మూగది. 1992లో ఫిన్లండువాడే యగు హన్ను సవొలైనెన్ దానికి గొంతిచ్చెను. సింగపూరునకు చెందిన క్రియేటివ్ కంపెనీవారు 1989లో సౌండ్ బ్లాస్టర్ అను కార్డును విపణిలో పెట్టియుండిరి. దానికి ఈతడు డ్రైవరు వ్రాసెను. అది పెరిగి పెరిగి కడకు ఓఎస్ఎస్ అను పేర స్థిరపడెను. దాని సొగసు దాని సరళత. యూనిక్సు సంప్రదాయమున యంత్రములోని పరికరములు కూడ ఫైళ్లవలె కనబడును. సౌండు కార్డును ఒక ఫైలే. దానిని తెఱచి అంకెలు వ్రాసితిమా, ధ్వని వినబడును. దానినుండి చదివితిమా, మైకులోని మాట అంకెలై వచ్చును. బాలశిక్ష చదివిన పిల్లవానికైన బోధపడు పద్ధతి.

ఐనను రెండు లోపములు బయటపడినవి. ఒకటి, పెక్కు కార్డులలో ఆ ఫైలును ఒక్క ప్రోగ్రామే తెఱవగలదు. పాట వినుచుండగా ఉత్తరము వచ్చినదని గంట మ్రోయవలెనన్న, పాట ముగియువఱకు గంట మూగవోవలసినదే. రెండవది మనుష్యులకు సంబంధించినది. సవొలైనెన్ ఒక కంపెనీలో చేరి, క్రొత్త కార్డులకు వ్రాసిన డ్రైవర్లను వెలకు అమ్మసాగెను. వానిలో కొన్నిటి మూలపాఠము మూతపడెను. కెర్నెలులోని ఉచితభాగము వెనుకబడెను. నేనాతనిని తప్పుపట్టను. పండితునకును పొట్ట యున్నది గదా. కాని కెర్నెలువంటి ఉమ్మడి సొత్తునకు గొంతు మాత్రము ఒక్కరి పెరట నుండుట మంచిది కాదని అనేకులు తలచిరి. 2007లో ఆ కంపెనీవారు మూలపాఠమును మరల అందఱకును విడుదల చేసిరి గాని, అప్పటికి లినక్సు ఊరు దాటి పోయినది. ఫ్రీబీఎస్‌డీ అను మఱియొక స్వేచ్ఛా వ్యవస్థలో మాత్రము ఆ సరళమైన పద్ధతి నేటికిని నడచుచున్నది.

చెక్ దేశీయుడగు యరోస్లావ్ కిసెలా 1998లో వేఱొక మార్గము త్రొక్కెను. అతనివద్ద గ్రావిస్ అల్ట్రాసౌండ్ అను కార్డు ఉండెను. దాని శక్తులు అన్నియు పాత డ్రైవరు వలన వెలికి రాలేదు. దానికొఱకు మొదలుపెట్టిన పని సమస్తమైన కార్డులకు వ్యాపించి, అల్సా అను పేరు పొందెను. దేశదేశముల వారు తమ తమ కార్డులకు డ్రైవర్లు వ్రాసి చేర్చిరి. 2002లో అది కెర్నెలు యొక్క ప్రయోగశాఖలో చేరి, 2003 డిసెంబరులో వెలువడిన 2.6వ కూర్పుతో అందఱ యిండ్లకును వచ్చెను. ఒక పెద్దమనిషి తరహా యిందు గలదు: పాత పద్ధతికి వ్రాసిన ప్రోగ్రాములు నోరు మూసికొనకుండ, పాతదానివలె నటించు ఏర్పాటును ఇందు చేర్చిరి. సరళతను మాత్రము పోగొట్టుకొనిరి. దీని అమరికల ఫైలును చూచితిని. పాణిని సూత్రములే నాకు సులభముగా తోచినవి.

కార్డు ఒక్కటి, ప్రోగ్రాములు అనేకములు అను చిక్కు ఇంకను తీరలేదు. మన చెఱువునకు తూము ఒక్కటే, పొలములు నూఱు. తూమువద్ద నీరటికాడు నిలువనియెడల వంతులు సాగవు. అట్టి నీరటికాడు కంప్యూటరులో నుండవలెనని తలచి, ధ్వని సర్వరు అను మధ్యవర్తిని కల్పించిరి. ప్రోగ్రాములు తమ అంకెలను అతనికిచ్చును. అతడు కూడిక వేసి కార్డునకు పంపును. యోచన మంచిదే. కాని గ్నోమ్ పక్షమువారు ఈఎస్‌డీ అను నీరటికాని నియమించుకొనిరి. కేడీఈ పక్షమువారు 2000లో వెలువడిన తమ రెండవ కూర్పుతో ఆర్ట్స్ అనువానిని నియమించుకొనిరి. ఇద్దఱును ఒక్క తూమువద్దనే నిలిచిన నేమగునో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆర్ట్స్ కర్తయగు స్టెఫాన్ వెస్టర్‌ఫెల్డ్ 2004లో ఆ పనిని విడిచిపోయెను. 2008లో కేడీఈ నాల్గవ కూర్పు దానిని తొలగించెను.

ఇది యిట్లుండగా సంగీతము వారి బాధ వేఱు. నేను వినుటకు మాత్రమే కోరుదును. పాట అర సెకను ఆలస్యముగా మొదలైన నాకు నష్టము లేదు. పాడువాడు తన గొంతును యంత్రముద్వారా వినుచు పాడునప్పుడు ఆ జాగు ప్రాణాంతకము. దీనిని తొట్టిలెక్కగా చెప్పుదురు. అంకెలను కొన్ని కొన్నిగా తొట్టిలో నింపి కార్డునకు పంపుదురు. తొట్టి పెద్దదైన తెగుదల యుండదు గాని జాగు హెచ్చును. చిన్నదైన జాగు తగ్గును గాని, యంత్రము రెప్పపాటు ఏమఱినను ధ్వని తెగును. సెకనునకు 48,000 కొలతల చొప్పున 1,024 కొలతల తొట్టి యైన సెకనులో వేయింట ఇరువదియొక్క వంతులు జాగు. 128 కొలతలదైన మూడు వంతులకు లోపే. గాలిలో ధ్వని సెకనునకు సుమారు 343 మీటర్లు పోవును. కావున వేయింట మూడు వంతులనగా గాయకునకు మృదంగమునకు నడుమ ఒక మీటరు ఎడము వంటిది. దానితో కచేరి నడచును. ఇరువదియొక్క వంతులన్న మృదంగము ఏడు మీటర్ల దూరమున నున్నట్లు.

ఈ బాధను తీర్చినవాడు పాల్ డేవిస్. అమెజాను వ్యాపారము పుట్టిన తొలినాళ్లలో అందు ప్రోగ్రాములు వ్రాసిన ఇద్దఱు ముగ్గురిలో ఒకడు. ఆ కొలువు విడిచి, 1999–2000 ప్రాంతమున ఆర్డర్ అను ప్రోగ్రామును మొదలుపెట్టెను. గాయకుని, వీణను, మృదంగమును వేఱువేఱు వరుసలలో పట్టి, పిదప కలిపి దిద్దుటకు పనికివచ్చు పనిముట్టది. దానిని వ్రాయుచుండగానే, ధ్వనిప్రోగ్రాములు తమలో తాము కలిసి పనిచేయు మార్గము కావలసివచ్చి, ఇతరుల సాయముతో జాక్ అను సర్వరును నిర్మించెను. ఇది నీరటికాడు మాత్రమే కాదు, తాళము వేయువాడు కూడ. ఏ ప్రోగ్రామునైనను తన ఇచ్చవచ్చినప్పుడు పోయనీయదు. తానే దెబ్బ వేసి, “ఇదిగో, 128 కొలతలు, ఇప్పుడే” యని అడుగును. అందఱును ఆ దెబ్బలోపల తెచ్చి యిచ్చితీరవలెను. ఒకదాని నోటి నుండి వచ్చిన ధ్వనిని మఱియొకదాని చెవికి తగిలింపవచ్చును.

ఈ పేరునందొక వినోదమున్నది. జాక్ అను పేరును విడదీసిన, అందు మొదటి మాట మరల జాక్! దానిని విడదీసిన మరల జాక్. గ్నూ అను పేరును ఇట్టిదే. మన తార్కికులు అనవస్థా దోషమని దేనిని త్రోసిపుచ్చిరో, దానినే ఈ శాస్త్రము వారు ముద్దుగా పేరు పెట్టుకొనిరి.

జాక్ ఎంత తొందరపెట్టినను కెర్నెలు తొందరపడనియెడల ఫలము లేదు. డిస్కు పనిలో మునిగియున్న కెర్నెలు, ధ్వని పిలిచినను వెంటనే పలుకకుండెడిది. హంగరీ దేశీయుడగు ఇంగో మోల్నార్, జర్మనీ దేశీయుడగు థామస్ గ్లైక్స్‌నర్ మొదలైనవారు ఏ పనిలో నున్నను అవశ్యమైన పిలుపునకు లేచివచ్చునట్లు కెర్నెలును దిద్దసాగిరి. ఆ దిద్దుబాట్లు 2004 ప్రాంతమున ఒక రూపము దాల్చినవి. కాని కెర్నెలులో ఒకచోట ముట్టుకొన్న పదిచోట్ల కదలును. ముక్కముక్కగా చేరుచు, తుదిభాగము 2024 నవంబరులో వెలువడిన 6.12వ కూర్పులో చేరెను. ఇరువది సంవత్సరములు! ఫ్యాక్టరీలలోని యంత్రములకును ఆ దిద్దుబాటు అవసరమే యగుటచే ఆ పని ఆగిపోలేదు.

నాకు ప్రత్యక్షముగా ఉపకరించినది ఆడాసిటీ. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ అనువారు 1999లో మొదలుపెట్టి 2000 మే నెలలో విడుదల చేసిన ప్రోగ్రామిది. ధ్వనిని అలలుగా తెఱమీద చూపును. కత్తితో కోసినట్లు కోయవచ్చును. క్యాసెట్టులోని ‘సుయ్’ అను రొదను తీయు ఉపాయమిందు గలదు. పద్యము మొదలు కాకమున్ను కేవలము రొద వినబడు చోటును దానికి చూపవలెను. అది ఆ రొద స్వభావమును గ్రహించి, తక్కిన దానినుండి తగ్గించును. నేను ఉత్సాహముకొలది నిండుగా తగ్గించితిని. రొద పోయెను. విని చూతును గదా, గురువుగారి భకారము బకారమైనది, ధకారము దకారమైనది, శ ష సలు మూడును మాసిపోయినవి! మహాప్రాణములోని ఊపిరియు, ఊష్మములలోని గాలియు ఆ యంత్రపు చెవికి రొదయే. ఒత్తక్షరము ఒత్తి పలుకనిచో బెత్తముతో మా వ్రేళ్లపై వేసిన మహానుభావులు వారు. వెంటనే మార్పును రద్దు చేసి, నాలుగవ వంతు మాత్రమే తగ్గించితిని. రొద కొంత మిగిలినది, మిగలనిండు.

ఇక దాచు పద్ధతి. పాటలను కుదించుటకు జగత్ప్రసిద్ధమైన ఎంపీ3 విధానముపై పేటెంట్లు ఉండెడివి. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థవారు 1998లో ఆ విధానముతో ఉచిత ప్రోగ్రాములు వ్రాయువారిని రుసుము కోరిరి. అందులకు బదులుగా క్రిస్ మాంట్‌గోమరీ ప్రభృతులు వోర్బిస్ అను స్వేచ్ఛావిధానమును కల్పించి 2002లో పూర్తిచేసిరి. ఎంపీ3 లైసెన్సుల వ్యవహారము 2017లో ముగిసినది. కాని ఈ రెండును చెవికి పట్టనిదని తాము తలచిన భాగమును పాఱవేయునవే. జోష్ కోల్‌సన్ 2001లో వెలువరించిన ఫ్లాక్ అట్లు కాదు. ఒక్క అంకె పోకుండ కుదించును. స్థలము సుమారు సగము పట్టును. ఒత్తక్షరముల అనుభవమైన పిదప నేను ఫ్లాక్‌నే పట్టుకొంటిని. దాని విధానమంతయు బహిరంగముగా వ్రాసియున్నది గనుక, దానిని చదువగల ప్రోగ్రామును ఎవడైన ఎప్పుడైన వ్రాసికొనవచ్చును.

నీరటికాని కథకు తిరిగి వత్తము. 2004లో జర్మనీ యువకుడు లెన్నార్ట్ పోటరింగ్ క్రొత్త సర్వరును మొదలుపెట్టెను. దానికి 2006లో పల్స్ ఆడియో అను పేరు వచ్చెను. పాట ఒక బిగ్గఱితో, గంట మఱియొక బిగ్గఱితో వినిపించుట, పాట సాగుచుండగనే దానిని చెవిగొట్టములలోనికి మళ్లించుట దీని సౌకర్యములు. 2007లో ఫెడోరా ఎనిమిదవ కూర్పును, 2008 ఏప్రిలులో ఉబుంటు కూర్పును దీనిని గ్రహించినవి. అంతట ఇంటింట ధ్వని తెగుచున్నదని మొఱ పుట్టెను. నింద యంతయు దానిదే కాదు. అది కాలమును లెక్కించుటకు డ్రైవర్లు చెప్పిన మాటను నమ్మెను. అనేక డ్రైవర్లు అప్పటివఱకు ఎవరును అడుగలేదు గనుక తప్పులు చెప్పుచుండెడివి. మేనేజరు మాఱి లెక్కలడిగిననాడు పాత గుమాస్తాల తబ్బిబ్బు వంటిది. కొన్నేండ్లకు డ్రైవర్లును దిద్దుకొనినవి, సర్వరును కుదుటపడినది. కాని గృహస్థులకు పల్స్, సంగీతజ్ఞులకు జాక్ అని ఊరు రెండు వాడలుగా నిలిచిపోయెను.

ఆ వాడలను కలిపినవాడు బెల్జియము దేశీయుడగు విమ్ టైమన్స్. రెడ్ హ్యాట్ కంపెనీలో నుండి 2015లో దృశ్యములను ప్రోగ్రాముల నడుమ పంచుటకు ఒక సాధనము మొదలుపెట్టి, పిదప అది ధ్వనికిని చాలునని కనిపెట్టి, పైప్‌వైర్ అను పేర పెంచెను. 2021 ఏప్రిలులో ఫెడోరా 34లోను, 2022 అక్టోబరులో ఉబుంటు 22.10లోను ఇదియే ధ్వనికి అధికారి యయ్యెను. 2023 నవంబరులో 1.0 కూర్పు వెలువడెను. దీని తెలివి యెక్కడనగా, అల్సా భాష, పల్స్ భాష, జాక్ భాష మూడును దీనికి వచ్చును. పాత ప్రోగ్రాము తన పాత యజమానినే పిలుచును, పలుకునది ఇది. ఎవరి ప్రోగ్రామును తిరిగి వ్రాయవలసిన పని లేకపోయెను. తొట్టిని కూడ, వినువానికి పెద్దదిగా, పాడువానికి చిన్నదిగా, అవసరమునుబట్టి మార్చును. మూడింటి మూలపాఠములును, వాని మధ్య ఇరువదియేండ్ల తగవులును అతని యెదుట తెఱచి యుండినవి గనుకనే అతడు ఆ నటనను ఇంత నిర్దుష్టముగా నేర్చెను.

కన్ను మసకబాఱిన పెద్దలకొక మాట. లినక్సులో ఓర్కా అను ప్రోగ్రాము తెఱమీది వ్రాతను పైకి చదివించును. ఈస్పీక్ ఎన్‌జీ అను ఉచితపు గొంతు దానికి తోడై తెలుగును కూడ పలుకును. యతిస్థానము, అర్థస్ఫురణ దానికి తెలియవు, గొంతు ఇనుపగొంతు. ఐనను నాతో పనిచేసి కంటిచూపు కోల్పోయిన లెక్కల మాస్టరుగారు వార్తలు దానివలననే వినుచున్నారు.

మా పందొమ్మిది క్యాసెట్లలో పదునాలుగు ఫ్లాక్‌లోనికి వచ్చినవి. నాలుగు బూజు దులిపి ఆరబెట్టి యున్నవి. వానలు వెలసిన పిదప మేనల్లుడు వచ్చును. నుగ్గైపోయిన క్యాసెట్టు తాలూకు ఫైలు ఆ మూతపడిన సంకేతములోనే యున్నది. అందు ఏ పద్యములు కలవో క్యాసెట్టు అట్టమీద గురువుగారి చేవ్రాతతో నున్న పట్టిక చెప్పుచున్నది గాని, ఫైలు నోరు మెదపదు. కంప్యూటరు మార్చినప్పుడెల్ల దానిని జాగ్రత్తగా క్రొత్తదానిలోనికి ఎక్కించుచున్నాను.